రోగులకు పాఠం చెప్పిన వైద్యుడు: ఎలియట్ జాస్లిన్

మధుమేహం మన దేశానికి క్రొత్తది కాదు. రోగి మూత్రానికి చీమలు పట్టడం గమనించి ఈ వ్యాధి లక్షణాన్ని పసికట్టినవారు మన ప్రాచీన వైద్యులు. ప్రమేహాలను ఇరవై విధాలుగా విభజించి, స్థూలకాయులకు వచ్చేది వేరు, కృశించినవారికి వచ్చేది వేరు అని వారు గుర్తించారు. స్థూలకాయునికి యవధాన్యాన్ని ఆహారంగాను, కాలినడకను ఔషధంగాను విధించారు. తిండికీ ఈ వ్యాధికీ సంబంధం ఉన్నదనే ఎరుక అంత పాతది. అయితే ఏది మానాలి, ఎంత తినాలి, ఆ నియమం ఎవరికి ఏ మేరకు ఫలిస్తుంది అనే ప్రశ్నలకు లెక్క కట్టి సమాధానం చెప్పడానికి అనేక శతాబ్దాలు పట్టింది.

ఆ లెక్క వ్రాయడానికే తన జీవితాన్ని ధారపోసినవాడు అమెరికా దేశీయుడైన డాక్టరు ఎలియట్ ప్రాక్టర్ జాస్లిన్. ఆయన క్రొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. నోబెల్ బహుమానం ఆయనను వరించలేదు. అయినప్పటికీ ఈనాడు తన రక్తంలోని చక్కెరను తానే పరీక్షించుకొని, కంచంలోని అన్నాన్ని తానే తగ్గించుకొని, సాయంకాలం రెండు మైళ్ళు నడిచి వచ్చే ప్రతి గృహస్థుడూ, తెలిసినా తెలియకపోయినా, జాస్లిన్ పాఠశాలలో విద్యార్థియే.

బాల్యము, విద్య

జాస్లిన్ 1869 జూన్ 6వ తేదీన మసాచుసెట్సు రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఇంగ్లండులోని విద్యాపీఠానికి పేరు మాత్రమే కలిసిన ఈ ఊరు చెప్పులు, బట్టలు తయారుచేసే పనివారి ఊరు. తండ్రి పాదరక్షల కర్మాగారానికి యజమాని. సంపన్న కుటుంబమే అయినా, ఆ ఇంటి నడవడిలో ఆడంబరానికి చోటు లేదు. వేకువనే లేవడం, చేసిన పనికి లెక్క వ్రాసుకోవడం, ఒక్క నిమిషమైనా వృథా చేయకపోవడం అనే అలవాట్లు అక్కడ పుట్టినవే. తొంబది రెండేళ్ళ వయస్సు వరకు అవి ఆయనను విడువలేదు.

యేలు కళాశాలలో 1890లో పట్టం పుచ్చుకొని, మరికొంత కాలం అక్కడనే శరీర రసాయన శాస్త్రాన్ని అభ్యసించి, ఆ పిమ్మట ఆయన హార్వర్డు వైద్య కళాశాలలో ప్రవేశించాడు. 1895లో అక్కడి చదువు ముగించాడు. రసాయన శాస్త్రంతో ఏర్పడిన ఆ పరిచయం ఆయన జీవితపు దారిని నిర్ణయించినదని చెప్పవచ్చు. ఆనాటి వైద్యులలో చాలామంది రోగి ముఖం చూసి, నాడి చూసి మందు చెప్పేవారు. జాస్లిన్ మాత్రం రోగి తిన్నదాన్ని తూచి, విసర్జించినదాన్ని కొలిచి, రెంటికీ మధ్య ఏమి జరిగినదో ఊహించేవాడు.

మొదటి పుట

1893లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, మసాచుసెట్సు జనరల్ ఆస్పత్రిలో ఐర్లండునుండి వచ్చిన ఒక యువతిని ఆయన చూశాడు. ఆమెకు తీరని దాహం, తీరని ఆకలి. ఎంత తిన్నా శరీరం మాత్రం నానాటికీ కరిగిపోతున్నది. ఆమె వివరాలను ఆయన ఒక పెద్ద చిట్టా పుస్తకంలో మొదటి పేరుగా వ్రాసుకొన్నాడు. ఆ తరువాత తన కంటబడిన మధుమేహ రోగులందరి వివరాలనూ వరుస సంఖ్య వేసి అందులో చేర్చుతూ పోయాడు. వారి వయస్సు, బరువు, ఆహారం, మూత్రంలో చక్కెర పరిమాణం, చివరకు మరణం ఎప్పుడు, ఏ కారణంచేత అనే విషయం కూడా వ్రాసేవాడు. వర్తకుడు ఖాతాలు వ్రాసుకొన్నంత శ్రద్ధగా ఆయన ప్రాణాల ఖాతా వ్రాసుకొన్నాడు.

ఆ ఆస్పత్రి పాత దస్తావేజులను కూడా తన గురువు రెజినాల్డ్ ఫిట్జ్‌తో కలిసి ఆయన తిరగవేశాడు. 1824 మొదలు 1898 వరకు డెబ్బది నాలుగు సంవత్సరాలలో అక్కడ చేరిన మధుమేహ రోగులు 172 మంది మాత్రమే. ఆ వివరాలను వారిద్దరూ 1898లో ప్రకటించారు. అంత దీర్ఘకాలంలో వైద్యశాస్త్రం ఎంతో ముందుకు సాగింది. మత్తుమందు వచ్చింది, సూక్ష్మజీవులు బయటపడ్డాయి. అయినా ఈ ఒక్క వ్యాధి విషయంలో వైద్యుని చేతులు ఖాళీగానే ఉండిపోయాయి. ఇరవై తొమ్మిదేళ్ళ జాస్లిన్‌కు ఆ పాత కాగితాలు నేర్పిన పాఠం అది.

చదువు పూర్తి అయిన తరువాత ఆయన ఐరోపా వెళ్ళి అక్కడి వైద్యాచార్యుల పద్ధతులను పరిశీలించాడు. స్ట్రాస్‌బుర్గు నగరం అప్పుడు జర్మనీలో ఉండేది. అక్కడనే 1889లో మెరింగ్, మింకోవ్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్కకు క్లోమగ్రంథిని తొలగించి, దానికి మధుమేహం కలగడం చూశారు. వ్యాధి మూలం క్లోమంలో ఉన్నదని ఆ ప్రయోగం స్పష్టం చేసింది. ఆ నగరంలోనే నౌనిన్ అనే ఆచార్యుడు పిండిపదార్థాలను కఠినంగా తగ్గించి రోగులకు చికిత్స చేస్తూ ఉండేవాడు. ఈ విధానం జాస్లిన్ మనస్సులో నాటుకొన్నది. 1898లో ఆయన బోస్టను నగరంలో స్వంతంగా వైద్యం ప్రారంభించాడు.

ఎనిమిదవ సంఖ్య

జాస్లిన్ చిట్టా పుస్తకంలో ఎనిమిదవ సంఖ్య ఎదుట ఉన్న పేరు ఆయన కన్నతల్లి శారా జాస్లిన్‌ది. వృద్ధాప్యపు గడప తొక్కుతున్న సమయంలో ఆమెకు మధుమేహం ఉన్నట్లు తెలిసింది. ఈ వార్త కుమారుని ఎంత కలవరపరచి ఉంటుందో ఊహించవచ్చు. రోగం పేరు తెలిసిన వైద్యునికి దాని అంతం కూడా తెలుసు. అందునా తాను స్వయంగా తిరగవేసిన 172 మంది చరిత్రలు ఆయన కళ్ళ ఎదుట ఉన్నాయి.

ఆయన తల్లికి మందులు ఇవ్వలేదు. ఇవ్వదగిన మందు ఏదీ లేదు కూడా. రొట్టె, బంగాళాదుంప, తీపి పదార్థాలు తగ్గించి, మాంసకృత్తులు, క్రొవ్వు, ఆకుకూరలు ఇచ్చే ఆహార నియమాన్ని విధించాడు. ఆమె ఆ నియమాన్ని పాటించింది. పాటించి, నెలలు కాదు, పది సంవత్సరాలకు పైగా జీవించి 1913లో మరణించింది. పసివారిని ఒకటి రెండేళ్ళలో కబళించే వ్యాధి, వయస్సు మళ్ళినవారిలో ఆహార నియమానికి ఇంతగా లొంగడం జాస్లిన్ చూశాడు. ఈనాడు మనం మొదటి రకం, రెండవ రకం అని చెప్పుకొనే భేదం అప్పటికి శాస్త్రంలో స్థిరపడలేదు. ఇంగ్లండులో హిమ్స్‌వర్త్ అనే వైద్యుడు ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరును బట్టి రెండు తెగలను వేరుచేసి చూపినది 1936లో. కాని ఆ భేదపు ఛాయ అంతకు ఎన్నో ఏళ్ళ ముందే తల్లి జీవితంలో కుమారునికి కనిపించింది.

పిండిపదార్థం తగ్గిస్తే మేలు ఎందుకు కలుగుతుందో విద్యార్థులు ఇక్కడ తెలుసుకోవడం మంచిది. మనం తిన్న అన్నం, రొట్టె, దుంపలు కడుపులో జీర్ణమై గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తంలో కలుస్తాయి. ఆ చక్కెరను కండరాలలోనికి, ఇతర కణాలలోనికి చేర్చడానికి క్లోమగ్రంథి ఇన్సులిన్ అనే రసాన్ని విడుదల చేస్తుంది. మొదటి రకం వ్యాధిలో ఆ రసం దాదాపు పూర్తిగా లోపిస్తుంది. రెండవ రకంలో రసం ఉన్నా శరీరం దాని మాట సరిగా వినదు. క్రమంగా క్లోమమూ అలసిపోతుంది. పని చేయలేని బండికి బరువు తగ్గించినట్లు, లోపలికి వచ్చే పిండిపదార్థాన్ని తగ్గిస్తే ఆ అలసిన గ్రంథికి ఊరట లభిస్తుంది, రక్తంలోని చక్కెర దిగుతుంది. బరువు కూడా తగ్గితే శరీరం ఇన్సులిన్ మాటను మరల కొంత వింటుంది.

ఆకలే ఔషధమైన రోజులు

అయితే ఈ కథ అంత సులువుగా సాగలేదు. పిండిపదార్థం మాన్పించి, ఆ లోటును పూడ్చడానికి వెన్న, మీగడ, మాంసం యథేచ్ఛగా పెట్టే పద్ధతి ఆ రోజులలో వాడుకలో ఉండేది. వయస్సు వచ్చిన స్థూలకాయులు దానికి తట్టుకొన్నారు. పిల్లలు, యువకులు మాత్రం తట్టుకోలేకపోయారు. ఇన్సులిన్ బొత్తిగా లేని శరీరంలో క్రొవ్వు అసంపూర్తిగా దహించి, ఆమ్లాలు రక్తంలో పేరుకొని, రోగి స్పృహ తప్పి మరణించేవాడు. తన తల్లిని కాపాడిన పథ్యమే మరొక తల్లి బిడ్డను కాపాడలేదని జాస్లిన్ గ్రహించాడు. బోస్టనులోని కార్నెగీ పోషక పరిశోధనశాలలో ఫ్రాన్సిస్ బెనెడిక్టుతో కలిసి ఆయన రోగుల శ్వాసను, ఉష్ణాన్ని, శక్తి వ్యయాన్ని సంవత్సరాల తరబడి కొలిచాడు. ఆ ఫలితాలు 1910లోను, 1912లోను గ్రంథాలుగా వెలువడ్డాయి.

అదే సమయంలో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయంలో ఫ్రెడరిక్ ఆలెన్ మరొక మార్గం సూచించాడు. పిండిపదార్థాన్నే కాదు, మొత్తం ఆహారాన్నే తగ్గించాలని ఆయన వాదం. మూత్రంలో చక్కెర పూర్తిగా పోయేవరకు ఉపవాసం. ఆ తరువాత కొద్ది కొద్దిగా కూరగాయలు, మాంసకృత్తులు, చివరకు కొంచెం క్రొవ్వు. మరల చక్కెర కనిపించిన రోజున ఒక మెట్టు దిగిపోవాలి. ఆ మెట్టే రోగి శరీరపు సహనశక్తికి ఎల్ల.

జాస్లిన్ 1915 ప్రాంతంలో ఈ పద్ధతిని స్వీకరించాడు. ఆయన కూరగాయలను నూటికి అయిదు, పది, పదిహేను, ఇరవై పాళ్ళ పిండిపదార్థం గలవిగా వర్గాలు చేశాడు. కాబేజీ, పాలకూర, దోస, టొమాటో మొదటి వర్గంలోనివి. ఉల్లి, క్యారెట్టు, గుమ్మడి రెండవ వర్గంలోనివి. బంగాళాదుంప, మొక్కజొన్న చివరి వర్గంలోనివి. కఠిన స్థితిలో ఉన్నవారికి కూరగాయలను మూడుసార్లు ఉడికించి, ఆ నీటిని మూడుసార్లు పారబోసి పెట్టేవారు. అందులో మిగిలేది పీచు మాత్రమే. కడుపు నిండినదనే భ్రమ మాత్రమే.

దీనిని క్రూరమైన వైద్యమని అనుకోవచ్చు. వ్యాధి ముదిరిన పిల్లలకు ఇది ఆకలితో మరణాన్ని కొంత వాయిదా వేయడమేనని జాస్లిన్‌కు తెలుసు. అయినా ఆ వాయిదాయే వారికి మిగిలిన ఆశ. ఒక సంవత్సరం బ్రతకవలసినవాడు మూడేళ్ళు బ్రతికితే, ఆ మూడేళ్ళలో ఏ పరిశోధనశాలలోనైనా ఏ మార్గమైనా కనిపించవచ్చును. వైద్యుడు ఆ ఆశతో ఆకలిని విధించాడు. తల్లిదండ్రులు ఆ ఆశతోనే బిడ్డల ముందునుండి పళ్ళెం తీసివేశారు.

గ్రంథ రచన

1916లో ఆయన తన స్వంత రోగులు వేయిమంది చరిత్రల ఆధారంగా మధుమేహ చికిత్సను గురించి ఒక మహాగ్రంథం ప్రకటించాడు. అమెరికాలో ఈ వ్యాధిని గురించి వెలువడిన గ్రంథాలలో ఇది మార్గదర్శకమైనది. ఆయన జీవితకాలంలోనే అది పదేపదే పునర్ముద్రణ పొందింది. అంతకన్నా విశేషమైనది 1918లో వెలువడిన చిన్న పుస్తకం. దానిని వైద్యులతోపాటు రోగులు కూడా చదవాలనే ఉద్దేశంతో వ్రాశాడు. రోగం రహస్యాన్ని రోగి చేతిలో పెట్టడం ఆనాటి వైద్యులలో పలువురికి రుచించని పని. ఆహారపు తూకం, మూత్ర పరీక్ష, ప్రమాద సూచనలు వంటి విషయాలను సామాన్యులకు అందే భాషలో ఆయన చెప్పాడు. రసాయన ద్రావణంలో కొన్ని చుక్కల మూత్రం వేసి కాస్తే, చక్కెర లేకపోతే నీలం. ఉంటే ఆకుపచ్చ, పసుపు, చివరకు ఇటుక ఎరుపు. ఇంటిలో ఏ పామరుడైనా చదువుకోగల వర్ణమాల అది.

1921లో ఆయన వ్రాసిన ఒక వ్యాసం ఈనాటికీ చదవదగినది. న్యూ ఇంగ్లండులోని ఒక ప్రశాంతమైన పల్లెలో ఒకే వీథిలో ప్రక్కప్రక్కన మూడు ఇళ్ళు. వాటిలో వరుసగా కాపురమున్న గృహయజమానులు, యజమానురాండ్రు ఏడుగురు. వారిలో ఆరుగురు మధుమేహంతోనే మరణించారు. అంటువ్యాధితో ఒక వీథిలో ఇంతమంది పోయి ఉంటే ఆరోగ్యశాఖ కదలివచ్చేది, విచారణలు జరిగేవి. ఇది మధుమేహం గనుక ఎవరూ పట్టించుకోలేదని జాస్లిన్ బాధ. నలభై ఏళ్ళు దాటిన రోగులలో అధికభాగం మొదట స్థూలకాయులుగా ఉన్నవారేనని తన చిట్టాలు తిరగవేసి చూపించి, శరీరపు బరువును అదుపులో ఉంచితే వ్యాధిని రాకుండానే ఆపవచ్చునని ఆయన సూచించాడు. శతాబ్దం గడిచిన తరువాత కూడా దానికి చేర్చవలసినది స్వల్పమే.

ఎండిన ఎముకలకు ప్రాణం

ఆ వ్యాసం వెలువడిన సంవత్సరమే కెనడాలోని టొరాంటోలో బాంటింగ్, బెస్టు అనే యువకులు క్లోమరసాన్ని వెలికితీసే ప్రయోగాలు సాగించారు. 1922 జనవరిలో ఒక పదునాలుగేళ్ళ బాలునికి ఇన్సులిన్ మొదటిసారి ఎక్కించారు. ఆ సంవత్సరమే ఆగస్టు 7వ తేదీన బోస్టనులో జాస్లిన్ తన రోగులలో ఒకరికి మొదటి ఇన్సులిన్ సూది ఇచ్చాడు. ఆమె ఒక నర్సు. అయిదు సంవత్సరాల వ్యాధితో, పథ్యంతో చిక్కి సుమారు డెబ్బై పౌన్ల బరువుకు దిగి, నెలల తరబడి ఇల్లు కదలలేని స్థితిలో ఉన్నది. కొన్ని వారాలలో ఆమె లేచి నడిచింది. బైబిలు గ్రంథంలో ఎండిన ఎముకల లోయకు ప్రాణం వచ్చిన కథ జాస్లిన్‌కు స్ఫురించడంలో ఆశ్చర్యం లేదు. అంతకు కొద్ది కాలం క్రితమే మరణించిన బిడ్డల పేర్లు కూడా ఆయన చిట్టాలో ఉన్నాయి. వాయిదా వేయగలిగినవారు బ్రతికారు. వేయలేకపోయినవారు ఆ కొద్ది దినాల వ్యత్యాసంతో వెళ్ళిపోయారు.

ఆ విధంగా బ్రతికినవారిలో ఒకరితో మన తెలుగువారికి ఒక చుట్టరికం ఉన్నది. జార్జి మైనాట్ అనే బోస్టను వైద్యునికి 1921లో, ముప్పై అయిదవ ఏట, తీవ్రమైన మధుమేహం కలిగింది. జాస్లిన్ ఆయనకు కఠిన పథ్యం విధించాడు. ఇన్సులిన్ లభించేవరకు మైనాట్ ఆ పథ్యంతోనే ప్రాణం నిలుపుకొన్నాడు. అలా నిలిచిన ప్రాణంతో ఆయన మర్ఫీ అనే సహచరునితో కలిసి, అప్పటివరకు మరణమే శరణ్యమైన ఒక రక్తహీనతకు కాలేయాహారం చికిత్స అని 1926లో నిరూపించాడు. 1934లో విపుల్, మర్ఫీలతోపాటు ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. కాలేయంలో దాగిన ఆ గుణపదార్థం ఏమిటని వెదకినవారిలో, అదే బోస్టనులో, అదే హార్వర్డులో పనిచేస్తున్న మన భీమవరపు బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఒకడు. ఆ వెదకులాట కొనసాగి, 1945 నాటికి లెడర్లే సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసే వరకు వెళ్ళింది. ఒక రోగి పాటించిన పథ్యం ఎంత దూరం ఫలించినదో చూడండి.

ఆస్పత్రిలో పాఠశాల

ఇన్సులిన్ వచ్చిన తరువాత పథ్యం అక్కరలేదని చాలామంది సంబరపడ్డారు. జాస్లిన్ సంబరపడ్డాడు గాని ఏమరలేదు. మూడు గుర్రాలు కట్టిన రథంతో ఆయన ఈ చికిత్సను పోల్చేవాడు. ఆహారం ఒక గుర్రం, ఇన్సులిన్ ఒకటి, వ్యాయామం మరొకటి. ఏ ఒక్కటి అదుపు తప్పినా రథం బోల్తాపడుతుంది. ఆ పగ్గాలు పట్టవలసినది వైద్యుడు కాదు, రోగి. వైద్యుడు నెలకొకసారి కనిపిస్తాడు. కంచం మాత్రం రోజుకు మూడుసార్లు ఎదుటికి వస్తుంది.

ఈ కారణంచేత ఆయన న్యూ ఇంగ్లండ్ డీకొనెస్ ఆస్పత్రిని ఒక పాఠశాలగా మార్చాడు. రోగులు మంచాలపై పడి ఉండక తరగతిలో కూర్చొనేవారు. ఆహారాన్ని తూచడం, సూది వేసుకోవడం, మూత్రాన్ని పరీక్షించడం నేర్చుకొనేవారు. మధుమేహులకు కాళ్ళ పుండ్లు ఎంత ప్రమాదకరమో ఎరిగినవాడు గనుక, గోళ్ళు తీసి, పాదాలు కడిగి, చర్మాన్ని కాపాడుకొనే విద్యను నేర్పే ప్రత్యేక గదిని ఏర్పాటు చేశాడు. శిక్షణ పొందిన నర్సులను రోగుల ఇళ్ళకు పంపి, వంటగదిలోనే పాఠం చెప్పించాడు. మధుమేహపు బాలికలకోసం తన స్వస్థలానికి చేరువలో, రెడ్‌క్రాస్ సేవకురాలు క్లారా బార్టన్ పుట్టిన చోట, వేసవి శిబిరం 1932లో మొదలైంది. బాలురకోసం వేరొక శిబిరం 1948లో వెలిసింది. తానొక్కడే సూది వేసుకోవలసిన దురదృష్టవంతుడనని అనుకొనే పిల్లవాడు, అక్కడ తనవంటివారు డజన్ల కొలది ఆడుకోవడం చూసి ధైర్యం తెచ్చుకొనేవాడు.

విద్య చికిత్సలో ఒక భాగం కాదు, విద్యయే చికిత్స అనేది ఆయన దృఢ విశ్వాసం. వ్యాధిని గురించి ఎక్కువ తెలిసినవాడు ఎక్కువ కాలం బ్రతుకుతాడని ఆయన చిట్టాలు చెప్పాయి. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు గర్వించదగిన మాట ఇది.

నలభై ఏళ్ళ వాదం

ఆయన జీవితపు రెండవ భాగమంతా ఒక వాదంతో గడిచింది. ఇన్సులిన్ ప్రాణం నిలిపింది గాని, పది పదిహేనేళ్ళ తరువాత రోగులకు చూపు మందగించడం, మూత్రపిండాలు చెడడం, రక్తనాళాలు మూసుకుపోవడం కనబడింది. ఎడతెగక చక్కెర ఎక్కువగా ఉండడమే దీనికి కారణమనీ, అదుపు కట్టుదిట్టంగా ఉంటే ఇవి రావనీ జాస్లిన్ నమ్మాడు. దాహం, నీరసం లేకుంటే చాలు, చక్కెర కొంత ఎక్కువైనా నష్టం లేదు, రోగిని ఇష్టం వచ్చినట్లు తిననివ్వండి అని మరికొందరు ప్రసిద్ధ వైద్యులు వాదించారు. జాస్లిన్‌ను ఛాందసుడని, రోగుల సుఖం ఎరుగని కఠినుడని ఆక్షేపించినవారూ ఉన్నారు. ఇన్సులిన్ వచ్చాక ఆయన ఆహారంలో పిండిపదార్థాన్ని క్రమంగా కొంత పెంచాడు గాని, తూకాన్ని మాత్రం విడిచిపెట్టలేదు. చిరకాలం వ్యాధితో జీవించి, ఉపద్రవాలు లేకుండా నిలిచినవారికి పతకాలు ఇచ్చి సత్కరించాడు.

ఈ వాదానికి తీర్పు ఆయన జీవించి ఉండగా రాలేదు. మొదటి రకం రోగులు 1,441 మందిపై అమెరికా, కెనడాలలో జరిగిన పరిశోధన 1993లో వెల్లడైంది. కట్టుదిట్టమైన అదుపు నేత్రవ్యాధి వచ్చే ప్రమాదాన్ని నూటికి డెబ్బై ఆరు వంతులు తగ్గించిందని అది తేల్చింది. రెండవ రకం రోగులపై ఇంగ్లండులో సుదీర్ఘకాలం జరిగిన పరిశోధన 1998లో అదే దారిని చూపించింది. జాస్లిన్ మరణించి అప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది.

స్వగ్రామ ఋణం

1946, 47 సంవత్సరాలలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ వారు జాస్లిన్ జన్మస్థలమైన ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో ఇంటింటి పరీక్ష జరిపారు. 3,516 మందిని పరీక్షించగా డెబ్బైమందికి మధుమేహం ఉన్నది. వారిలో నలభైమందికి మాత్రమే ఆ సంగతి ముందే తెలుసు. మిగిలిన ముప్పైమందికి అప్పుడే తెలిసింది. తెలిసిన ప్రతి నలుగురు రోగుల వెనుక తెలియని రోగులు ముగ్గురు ఉన్నారన్నమాట. ఈ గుప్త రోగుల సమస్య ఈనాటికీ ప్రపంచమంతటా తీరలేదు.

వైద్య సహచరులు ప్రిసిల్లా వైట్, హోవర్డ్ రూట్, అలెగ్జాండర్ మార్బుల్ మొదలైనవారితో ఆయన నెలకొల్పిన బృందానికి 1952లో జాస్లిన్ క్లినిక్కు అనే పేరు స్థిరపడింది. మధుమేహం గల గర్భిణులకు ప్రసవం సురక్షితం చేయడంలో వైట్ చేసిన కృషి లోకప్రసిద్ధం. తొంబది దాటిన తరువాత కూడా జాస్లిన్ వేకువనే లేచి రోగులను చూసేవాడు. 1962 జనవరి 28వ తేదీన ఆయన కన్నుమూశాడు. ఆ చివరి రోజుల వరకు ఆయన రోగులను చూస్తూనే ఉన్నాడు.

మన కంచంలో జాస్లిన్

ఆయన మరణానంతరం ఆహారపు వాదం మరొక మలుపు తిరిగింది. క్రొవ్వు గుండెకు హానికరమనే భయంతో, 1970వ దశకం మొదలు మధుమేహులకు పిండిపదార్థం ఎక్కువగా తినమని సలహా ఇచ్చే ధోరణి ప్రబలింది. కొన్ని దశాబ్దాల తరువాత మరల ఆలోచన మారింది. 2019లో అమెరికా మధుమేహ సంఘం ఆహారంపై వెలువరించిన నివేదిక, రక్తంలో చక్కెర తగ్గించడానికి పిండిపదార్థాన్ని తగ్గించడమే ఎక్కువ ఆధారాలు గల మార్గాలలో ఒకటని అంగీకరించింది. పాత చిట్టా పుస్తకంలోని ఎనిమిదవ సంఖ్య చెప్పిన సాక్ష్యం మరల గౌరవం పొందిందని మనం భావించవచ్చు.

ఈ విషయం ఇతరులకన్నా మనకు ఎక్కువ అవసరం. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి వారి గణన ప్రకారం మన దేశంలో మధుమేహులు పది కోట్లకు మించి ఉన్నారు. ఆ అంచున నిలిచినవారు పదమూడు కోట్లు దాటారు. మన భోజనంలో మూడుపూటలా పెద్దపీట బియ్యానిదే. పచ్చి బియ్యంలో నూటికి డెబ్బై ఎనిమిది పాళ్ళు పిండిపదార్థమే. పంచదార మానివేశాను గనుక పథ్యం పాటిస్తున్నానని అనుకొంటూ అన్నం మాత్రం యథాప్రకారం తినేవారు మన ఇళ్ళలో తక్కువమంది కారు. అన్నం మాని రాగిసంకటి, జొన్నరొట్టె కడుపారా తింటే చాలుననేవారూ ఉన్నారు. పీచు ఎక్కువైనా అవి కూడా పిండిపదార్థాలే. పేరు కాదు, పరిమాణం ముఖ్యం. అన్నం కొలత తగ్గించి, ఆ చోటును పప్పు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, ఆకుకూరలు, బీర, పొట్ల, వంకాయలతో నింపడమే జాస్లిన్ పాఠాన్ని మన వంటగదిలోనికి తేవడం.

అయితే జాస్లిన్ నేర్పిన రెండవ పాఠం కూడా మరువరాదు. తల్లికి పనికివచ్చిన పథ్యం బాలునికి పనికిరాలేదు. ఇన్సులిన్‌గాని, చక్కెరను తగ్గించే కొన్ని మాత్రలుగాని వాడేవారు వైద్యునితో చెప్పకుండా ఒక్కసారి అన్నం మానివేస్తే చక్కెర హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. మొదటి రకం వ్యాధి గలవారు, గర్భిణులు, మూత్రపిండాల జబ్బు గలవారు స్వంత వైద్యం చేసుకోరాదు. కొలిచి చూడడం, వ్రాసుకోవడం, తెలిసినవారిని అడగడం, ఆ పిమ్మటనే మార్చడం జాస్లిన్ మార్గం.

ఆయన సంపాదించినది ఒక చిట్టా పుస్తకం, వేలకొలది విద్యార్థులు. ఆ విద్యార్థులలో పట్టం పుచ్చుకొన్నవారు కొద్దిమంది. ఒక వాక్యం కూడబలుక్కొని చదివే కూలీలు, బడి పిల్లలు, ముసలి తల్లులు తక్కినవారు. వారందరూ ఒకే పరీక్షకు కూర్చున్నారు. ఆ పరీక్షలో ఉత్తీర్ణత అంటే మరొక సంవత్సరం బ్రతకడం. వారిలో ఎక్కువమందిని ఉత్తీర్ణులను చేయగలిగిన ఉపాధ్యాయునిగానే ఎలియట్ జాస్లిన్‌ను మనం స్మరించుకోవాలి.